వరద కంట్రోల్ రూంలో సాంకేతికత ఏ మేరకు పనికొచ్చింది: సమీక్షించే పద్ధతి

2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంతకు ముందు తెలంగాణలో నమోదైన గరిష్ఠం 2013 జూలైలో వాజేడులో కురిసిన 517.5 మిల్లీమీటర్లు. అదే తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగింది. జనం డాబాల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకోగా, పడవలు, సైనిక హెలికాప్టర్లు వచ్చి వారిని బయటికి తెచ్చాయి. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు పలువురిని పొట్టన పెట్టుకుంది. వాన కొలిచే యంత్రం పనిచేసింది కాబట్టే లక్ష్మీదేవిపేట అంకె ఈ రోజు మనకు తెలుసు. అటువంటి అంకెకూ, వాగు గట్టున నిద్రపోతున్న ఇంటి గడపకూ మధ్య దారిలో కంట్రోల్ రూం ఉంటుంది. వరద తగ్గాక మనం చేయవలసిన సమీక్ష అంటే, ఆ దారిని ఒక చివర నుంచి మరో చివర దాకా మళ్లీ నడిచి చూడటమే.

జిల్లా విపత్తు నిర్వహణ కంట్రోల్ రూంలలో పనిచేసే సిబ్బందికి, వారితో కలిసి సహాయ చర్యల్లో పాల్గొనే స్వచ్ఛంద సంస్థలకు ఆ నడక ఎలా సాగించాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. సాధారణంగా ఇలాంటి సమీక్షలు ఎన్ని తెరలు పనిచేశాయి, ఎన్ని డ్రోన్లు ఎగిరాయి, ఎన్ని లక్షల ఎస్సెమ్మెస్‌లు పోయాయి అన్న లెక్కతో ముగిసిపోతాయి. అవి సామగ్రి లెక్కలే. ఒక పరికరం వల్ల ఎవరికి ఎంత సమయం కలిసివచ్చింది, ఆ సమయంతో వారు ఏం చేయగలిగారు అన్నదే దాని విలువకు నిజమైన కొలత అని నా గట్టి నమ్మకం. ఇక్కడ చెప్పే ప్రతి అడుగూ ఆ కొలత మీదే ఆధారపడి ఉంటుంది.

ఎప్పుడు, ఎవరితో

కంట్రోల్ రూం అత్యవసర విధులు ముగించిన రెండు మూడు రోజుల్లోపు, జ్ఞాపకాలు పచ్చిగా ఉండగానే, ప్రతి షిఫ్టు వారితోనూ ఒక గంట విడివిడిగా కూర్చోవాలి. వివరమైన సమీక్ష మూడు వారాల్లోపు పూర్తి కావాలి. అంతకు మించి ఆలస్యమైతే డిప్యుటేషన్ మీద వచ్చినవారు మాతృశాఖలకు వెళ్లిపోతారు, సీసీ కెమెరాల రికార్డింగు మీద కొత్త రికార్డింగు పడుతుంది, ఫోన్లలో చోటు చాలక ఫొటోలు చెరిపేస్తారు.

సమీక్ష నడిపించే వ్యక్తి ఆ పరికరాలను కొన్నవారు గానీ, వాటిని అమ్మిన సంస్థకు చెందినవారు గానీ కాకూడదు. పక్క జిల్లాలో ఇదే పని చేసే అధికారిని గానీ, స్థానిక ఇంజినీరింగ్ కళాశాల అధ్యాపకులను గానీ పిలవడం మేలు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు కలెక్టరే అధ్యక్షులు కనుక, సమీక్షలో చెప్పిన మాటల ఆధారంగా ఎవరి మీదా శాఖాపరమైన చర్య ఉండదని మొదటి రోజే వారి చేత రాతపూర్వకంగా చెప్పించాలి. ఆ ఒక్క కాగితం లేకపోతే తర్వాత వచ్చే సమాధానాలన్నీ 'అంతా బాగానే నడిచిందండీ' అన్న దగ్గరే ఆగిపోతాయి.

పిలవవలసినవారి జాబితాలో శాఖాధిపతులు చివర ఉన్నా ఫరవాలేదు. రాత్రి షిఫ్టు ఆపరేటర్, పోలీసు వైర్‌లెస్ సెట్ దగ్గర కూర్చున్న కానిస్టేబుల్, విద్యుత్ సబ్‌స్టేషన్ ఆపరేటర్, పంచాయతీ కార్యదర్శి, ఆశా కార్యకర్త, దండోరా వేసిన వ్యక్తి, జనాన్ని ట్రాక్టరులో ఎక్కించుకొచ్చిన డ్రైవరు తప్పకుండా ఉండాలి. అధికారులు ఉన్న గదిలో వీరు నోరు విప్పరు కాబట్టి వారి ఊళ్లకే వెళ్లి మాట్లాడాలి.

ముందుగా ఆధారాలు భద్రపరచండి

మాటలకన్నా ముందు కాగితాలు, రికార్డులు చేతికి రావాలి. లాగ్‌బుక్ ప్రతి పేజీకీ ఫొటో తీయండి. జిల్లా విపత్తు సహాయ నంబరు 1077కు, అత్యవసర నంబరు 112కు వచ్చిన కాల్స్ పట్టికను సమయాలతో సహా అడగండి. వాట్సాప్ గ్రూపుల సంభాషణలను ఎగుమతి చేసి దాచండి. సందేశాలు వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటు ఏ గ్రూపులోనైనా ఉంటే ఆ పని మొదటి రోజే జరగాలి.

ఆ తర్వాత గడియారాలు సరిచూడాలి. చిన్న విషయంలా కనిపించినా ఎన్నో తప్పుడు నిర్ధారణలకు మూలం ఇదే. గోడ గడియారం ఏడెనిమిది నిమిషాలు ముందుండవచ్చు, కెమెరా రికార్డరులో తేదీయే తప్పు ఉండవచ్చు, లాగ్‌బుక్‌లో రాసిన సమయం ఫోను వచ్చినప్పటిది కాక తీరిక దొరికి రాసినప్పటిది కావచ్చు. వాట్సాప్ సందేశాల మీది సమయం చాలావరకు నమ్మదగినది కాబట్టి దానిని ప్రమాణంగా పెట్టుకుని, మిగిలిన వాటి తేడా ఎంతో పక్కన రాసుకోండి. దిద్దుబాటు చేశాక కూడా మూల ప్రతులను మార్చకండి.

పరికరాల జాబితా పక్కన పెట్టి నిర్ణయాల జాబితా రాయండి

ఆ రెండు మూడు రోజుల్లో కంట్రోల్ రూం తీసుకున్న ముఖ్యమైన నిర్ణయాలు ఆరో ఏడో ఉంటాయి. ఫలానా గూడెం ఖాళీ చేయించడం, ఫలానా లోలెవల్ వంతెన మీద రాకపోకలు ఆపడం, ఆర్టీసీ బస్సులు నిలిపివేయడం, ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందాన్ని కోరడం, కరెంటు సరఫరా ఆపించడం, పునరావాస కేంద్రం తెరవడం వంటివి. ప్రతి నిర్ణయానికీ నాలుగు సమయాలు వెతకాలి: సమాచారం లోకంలో ఎక్కడో ఒకచోట పుట్టిన సమయం, అది కంట్రోల్ రూంకు చేరిన సమయం, నిర్ణయం జరిగిన సమయం, దాని ఫలితం జనం దాకా చేరిన సమయం.

ఉదాహరణకు వాగు ఒడ్డున ఉన్న ఒక గూడెం ఉందనుకుందాం. ఎగువ మండలంలోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం రాత్రి 11 గంటలకు, గడిచిన గంటలో 70 మిల్లీమీటర్లు కురిసినట్టు చూపింది. ఆపరేటర్ రెండు గంటలకోసారి మాత్రమే పోర్టల్ తెరిచే అలవాటులో ఉన్నందున ఆ అంకె 12.40కి లాగ్‌బుక్‌కు ఎక్కింది. అధికారి 1.10కి గూడెం ఖాళీ చేయించమన్నారు. పంచాయతీ కార్యదర్శికి పంపిన వాట్సాప్ సందేశానికి ఒక్క టిక్కే పడింది, రెండోది పడలేదు. చివరికి పోలీసు సెట్ ద్వారా 2.30కి కబురు చేరింది, 3 గంటలకు దండోరా వేశారు, 3.20కి వాగు రోడ్డెక్కింది. మొత్తం నాలుగు గంటల్లో 100 నిమిషాలు యంత్రం చూపిన అంకెను మనిషి చూడకపోవడం వల్ల, 80 నిమిషాలు సందేశం చేరిందో లేదో ఎవరూ గమనించకపోవడం వల్ల పోయాయి. ఇలా విడగొట్టి చూస్తే తప్ప పరిష్కారం కనిపించదు. మొదటిదానికి అంకె ఒక హద్దు దాటగానే మోగే అలారం చాలు, రెండోదానికి 'పది నిమిషాల్లో రెండో టిక్ పడకపోతే ఫోను, అదీ కలవకపోతే సెట్' అన్న నియమం చాలు. ఈ లెక్క వేయకుండా మొత్తం ఆలస్యాన్ని చూసి కొత్త సాఫ్ట్‌వేర్ కొనాలని నిర్ణయించే ప్రమాదం చాలా ఉంది.

అంకెలకు ఊళ్లో అర్థం ఉందా

భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 204.5 మిల్లీమీటర్లు, ఆపైన కురిస్తే అది అత్యంత భారీ వర్షం. ఆ పైన అంకెతో హద్దు పెట్టిన మరో మెట్టు లేదు. అంటే 210 మిల్లీమీటర్ల రోజూ, 649.8 మిల్లీమీటర్ల రోజూ ఒకే మెట్టు మీదికి వస్తాయి. మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు కాబట్టి లక్ష్మీదేవిపేటలో ఆ రోజు ఎకరానికి దాదాపు 26 లక్షల లీటర్లు పడ్డాయి. కాబట్టి సమీక్షలో 'రెడ్ అలర్ట్ వచ్చిందా' అని అడిగి వదిలేయకుండా, రెడ్ అలర్ట్ వచ్చాక గంట గంటకూ అంకె పెరుగుతున్నప్పుడు కంట్రోల్ రూంలో ఏమైనా మారిందా అని కూడా అడగాలి.

గోదావరికీ వాగులకూ ఒకే కొలబద్ద పనికిరాదన్నది మన ప్రాంతంలో మరీ ముఖ్యం. గోదావరి మీద కాళేశ్వరం, పేరూరు వంటి చోట్ల కేంద్ర జలసంఘం నీటిమట్టం చూస్తుంది. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర ఇచ్చే మూడు హెచ్చరికలకు జనం కూడా అలవాటు పడ్డారు. 2022 జూలైలో అక్కడ నీరు 71.3 అడుగులకు చేరినప్పుడు ఆ పెరుగుదలను ముందు నుంచీ గమనించే వీలుంది. మోరంచవాగు, జంపన్నవాగు, ఆకేరు వాగు అలాంటివి కావు. ఎగువన కురిసిన వాన కొద్ది గంటల్లోనే ఊరి మీదికి వస్తుంది, రాత్రిపూట అయితే ఎవరికీ కనిపించదు. నదికి బాగా పనిచేసిన వ్యవస్థ వాగుకూ పనిచేసిందని నివేదికలో కలిపి రాయకండి, రెండింటికీ వేర్వేరు పేజీలు కేటాయించండి. వాగు పేజీలో తప్పక అడగవలసినవి రెండున్నాయి. వాన కొలిచే కేంద్రం ఊళ్లో ఉందా, ఆ వాగుకు నీళ్లొచ్చే ఎగువ అడవిలో ఉందా? చెరువు మత్తడి దుంకుతోందని మొదట చూసిన మనిషి ఆ విషయం ఎవరికి చెప్పాలో అతనికి ముందే తెలుసా?

హెచ్చరికను అందుకున్నవారి చేత చదివించండి

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ వ్యవస్థ ద్వారా వచ్చే ఎస్సెమ్మెస్‌లు, 2023లో దేశమంతటా పరీక్షించిన సెల్ బ్రాడ్‌కాస్ట్ సందేశాలు, ఊళ్లో మైకు, దండోరా ఇవన్నీ హెచ్చరికలే అయినా వాటి పనితీరు ఒకటి కాదు. ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకు విడివిడిగా పోతుంది కనుక రద్దీలో ఆలస్యం కావచ్చు. సెల్ బ్రాడ్‌కాస్ట్ ఒక టవరు పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి చేరుతుంది, దానికి ఎవరి నంబరూ తెలియనక్కరలేదు, ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. కానీ టవరు బతికి ఉండాలి, చేతిలోని ఫోను దాన్ని అందుకోగలగాలి.

సమీక్ష బృందం ఆ రాత్రి పోయిన సందేశాల నకళ్లు వెంట తీసుకుని మూడు నాలుగు ఊళ్లు తిరగాలి. ఒక ముసలామెకు, ఒక పశువుల కాపరికి, చదువుకున్న ఒక యువకుడికి అదే సందేశం వినిపించి, 'ఇది వింటే మీరు ఏం చేసేవారు?' అని అడగాలి. 'రాగల 24 గంటల్లో జిల్లాలో అక్కడక్కడా అత్యంత భారీ వర్షాలు' అన్న మాట విని ఎవరూ మంచం దిగరు. 'వాగు రెండు గంటల్లో పొంగుతుంది, బర్రెలను విప్పేసి ఇప్పుడే బడి దగ్గరికి రండి' అన్న మాటకు కదులుతారు. పశువుల ప్రస్తావన లేకపోతే రైతు ఇల్లు వదలడని మన పల్లెల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు, అయినా హెచ్చరికల్లో ఆ మాట అరుదుగా కనిపిస్తుంది. ఏజెన్సీ గూడేల్లో కోయ భాషలో ఆడియో సందేశం పంపారా లేదా అన్నది కూడా రాయండి.

ఫోను రాని ఊళ్లను లెక్కపెట్టండి

నా దృష్టిలో సమీక్షలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇది, అన్నిటికన్నా ఎక్కువగా వదిలేసేదీ ఇదే. కంట్రోల్ రూంలో తెర మీద కాల్స్ వచ్చిన చోట్ల ఎర్రచుక్కలు కనిపిస్తాయి. చుక్కలు ఎక్కువున్న చోటికి పడవలు, బృందాలు వెళతాయి. కానీ అందరికన్నా పెద్ద ఆపదలో ఉన్న ఊరు కరెంటు పోయి, టవరు పడిపోయి, ఫోను చేయలేని స్థితిలో ఉంటుంది. ఆ ఊరి చోట తెర ఖాళీగా ఉంటుంది, ఖాళీని క్షేమంగా పొరబడటం చాలా సులువు.

దీన్ని తేల్చడానికి ఖరీదైన సాధనమేమీ అక్కరలేదు. మండలంలోని ఆవాసాలన్నిటినీ, తండాలు గూడేలతో సహా, ఒక వరుసలో రాయండి. పక్కన ఆ రాత్రి అక్కడి నుంచి వచ్చిన కాల్స్ సంఖ్య, టవరు ఆగిపోయిన సమయం, సబ్‌స్టేషన్‌లో ఫీడరు (ఆ ఊరికి కరెంటిచ్చే లైను) ట్రిప్ అయిన సమయం, చివరికి అక్కడ జరిగిన నష్టం రాయండి. కాల్స్ సున్నా ఉండి నష్టం ఎక్కువ ఉన్న ఊళ్లు వెంటనే బయటపడతాయి. ఆ ఊళ్ల గురించి కంట్రోల్ రూంకు మొదటి కబురు ఎలా వచ్చిందో వెతికితే తరచుగా ఒక లారీ డ్రైవరో, పక్క ఊరి బంధువో, రైల్వే సిబ్బందో కనిపిస్తారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయినప్పుడు, ఆ పరిసరాల్లో నీటి ఉధృతి ఎంతుందో పట్టాల స్థితే చెప్పింది. ఇలా ఇతర శాఖల దగ్గర పుట్టే సమాచారం మన గదికి వచ్చే దారి ఉందా అని అడగండి. ఇక ముందు ముంపు ప్రాంతంలోని ఏ ఊరి నుంచైనా రెండు గంటలు కబురు రాకపోతే దానిని ప్రమాద సంకేతంగా తీసుకుని మనమే ఆరా తీయాలన్న నియమం సమీక్ష నుంచి పుట్టాలి.

కరెంటు, టవరు, సెట్

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు అంత పెద్ద నగరంలోనే కరెంటు, ఫోన్లు మూగబోయాయి. వాగు ఒడ్డు పల్లెకు అంతకన్నా మెరుగైన హామీ ఏముంటుంది? ఏది ముందు ఆగిపోయింది, తర్వాత ఏది, దేని మీద అందరూ ఆధారపడ్డారు అన్న క్రమాన్ని రాయండి. జనరేటరు నేల మీదే ఉందా, డీజిల్ ఎన్ని గంటలకు సరిపోయింది, శాటిలైట్ ఫోను ఉంటే దాని చందా చెల్లుతోందా, దాన్ని వాడటం ఆ షిఫ్టులో ఎవరికైనా వచ్చా అన్నవి చూడండి. శాటిలైట్ ఫోను గది లోపల పనిచేయదని, ఆకాశం కనిపించే చోటికి తీసుకెళ్లాలని తెలియక చాలామంది అది చెడిపోయిందనుకుంటారు. వాకీటాకీల బ్యాటరీలను మాటలతో సరిపెట్టుకోకుండా మీరే తీసి చూడాలి. ఛార్జరులో పచ్చ లైటు వెలిగే సెట్టు కూడా బ్యాటరీ ముసలిదైతే అరగంట మాట్లాడగానే ఆగిపోతుంది. అన్నిటికన్నా మంచి పరీక్ష ఒకటుంది: ఒక మామూలు రోజున, ముందుగా చెప్పకుండా, కంట్రోల్ రూం మెయిన్ స్విచ్ గంటసేపు ఆపి ఏం జరుగుతుందో రాసుకోండి.

దృశ్యాల గురించి క్లుప్తంగా. డ్రోను గాలివానలో ఎగరదు కాబట్టి అది వరద తగ్గాక నష్టం అంచనాకు ఎంత పనికొచ్చిందో విడిగా రాయాలి. మబ్బు కమ్మిన రోజుల్లో మామూలు ఉపగ్రహ చిత్రాలు పనికిరావు, రాడార్ చిత్రాలు మబ్బుల్లోంచి కూడా నీటిని చూపుతాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నుంచి ముంపు పటాలు వస్తే, అవి ఏ గంటకు తీసినవి, మన చేతికి ఏ గంటకు వచ్చాయి అన్న తేడా ముఖ్యం. వరంగల్ నగరంలో 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పరిసరాలు మునిగాయి, 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. కనుక నగర కెమెరాల్లో ఎన్ని చౌరస్తాల వైపు చూస్తున్నాయో, ఎన్ని నాలాలు, చెరువు కట్టల వైపు చూస్తున్నాయో లెక్కపెట్టండి.

బాధితుల వివరాలు ఎవరి ఫోన్లలో ఉన్నాయి

పునరావాస కేంద్రంలో పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు రాసుకున్న కాగితానికి ఫొటో తీసి గ్రూపులో పెట్టడం మామూలైపోయింది. సహాయం త్వరగా అందాలన్న తపనతోనే అలా చేస్తారు, కానీ ఆ ఫొటో వంద ఫోన్లలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సర్వర్ల మీద దాడి జరిగి 5,15,000 మందికి పైగా బాధితుల వివరాలు బయటపడ్డాయని 2022 జనవరిలో ఆ సంస్థే ప్రకటించింది. అంత పెద్ద సంస్థకే ఆ కష్టం వచ్చినప్పుడు మన గ్రూపుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. మన దేశంలోనూ 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఏ వివరం ఎందుకు సేకరించారు, అది లేకుండా సహాయం అందేది కాదా, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు చెరిపేస్తారు అన్న ప్రశ్నలకు రాతపూర్వక సమాధానం తీసుకోండి. సమీక్ష బృందం సేకరించిన ఆధారాలకూ ఇదే నియమం వర్తిస్తుంది. కేంద్రంలో నిద్రిస్తున్న ఆడవాళ్ల, పిల్లల ఫొటోలు ప్రచారానికి వాడి ఉంటే ఆ సంగతి దాచకుండా నివేదికలో రాయాలి.

నివేదిక రాసేటప్పుడు

నివేదిక పది పేజీలు దాటకూడదు. మొదటి పేజీలో ఉంచవలసిన పరికరాలు, సరిచేయవలసినవి, వదిలేయవలసినవి స్పష్టంగా రాయండి. వదిలేయవలసిన వాటి గురించి రాయడానికి జంకకండి. ఎవరూ తెరవని యాప్‌లో ప్రతి గంటా వివరాలు నింపుతూ కూర్చున్న ఆపరేటర్, అదే సమయంలో మోగుతున్న ఫోను ఎత్తలేకపోయాడు అన్న వాస్తవం నివేదికలోకి రావాలి. ప్రతి సవరణకూ బాధ్యత వహించే హోదా, గడువు తేదీ, అయ్యే ఖర్చు పక్కనే ఉండాలి. మీరు వెళ్లి మాట్లాడిన ఊళ్లకు తిరిగి వెళ్లి, వారు చెప్పినదాంట్లో ఏది నివేదికలోకి వచ్చిందో గ్రామసభలో చదివి వినిపించండి. వారి దిద్దుబాట్లు తీసుకున్నాకే తుది ప్రతి ఖాయం చేయండి.

సరిచేసిన ఏర్పాట్లను పరీక్షించడానికి మన ప్రాంతానికి ఒక మంచి అవకాశం ఉంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరలో జంపన్నవాగు ఒడ్డునే లక్షల మంది చేరుతారు. టవర్ల మీద ఒత్తిడి, సెట్ల పనితీరు, తప్పిపోయిన వారి వివరాల నమోదు అన్నీ అక్కడ నిజంగానే పరీక్షకు నిలుస్తాయి. జాతర లేని ఏడాది మే నెలలో, రాత్రిపూట, ఒక వాగు ఒడ్డు ఊరితో మాక్ డ్రిల్ జరపండి. ఎగువ కేంద్రంలో అంకె మారిన క్షణం నుంచి చివరి ఇంటి తలుపు తట్టే దాకా పట్టిన సమయాన్ని రాసి, దాన్ని సమీక్షలో తేలిన సమయంతో పోల్చండి. తేడా లేకపోతే ఏ అడుగు దగ్గర ఆగిందో అదే రాత్రి వెతికి, తొలకరిలోపు మరోసారి డ్రిల్ జరపండి.